ట్రాక్టర్‌కు వేగం మీటరు, ట్రాలీకి వెనక అడ్డం చెప్పే సెన్సర్: రెండున్నర వేల లోపు ఎలా బిగించుకోవాలి

2019 జులై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కొత్త కార్లన్నిటికీ వెనక పార్కింగ్ సెన్సర్, వేగం దాటితే మోగే హెచ్చరిక తప్పనిసరి. ట్రాక్టర్‌కు, దాని వెనక తగిలించే ట్రాలీకి ఆ నిబంధన లేదు. కళ్లంలో, పశువుల కొట్టం దగ్గర, ఇరుకు సందుల్లో వెనక్కి పోయేది మాత్రం ఎక్కువగా ట్రాలీయే. డ్రైవరు కూర్చున్న చోటి నుంచి ట్రాలీ వెనక తలుపు కింద ఏముందో అస్సలు కనిపించదు.

ఈ పనికి రెండు రకాల సెన్సర్లు కావాలి. ముందు చక్రం తిరుగుడును లెక్కపెట్టే హాల్ సెన్సర్ (అయస్కాంతం దగ్గరికొస్తే పసిగట్టేది) ఒకటి, ట్రాలీ వెనక దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ ఇంకొకటి. వీటిని విడివిడిగా పెట్టుకునేవాళ్లే ఎక్కువ. మేం చెప్పేది రెంటినీ ఒకే పెట్టెకు కలపమని. 'వెనక రెండు మీటర్లలో మనిషి ఉన్నాడు' అనే మాట ఒక్కటే దేనికీ చాలదు. గంటకు 2 కి.మీ. వేగంలో ఆ రెండు మీటర్లు ఆగడానికి సరిపోతాయి, 5 కి.మీ. వేగంలో సరిపోవు. ఎంత దూరంలో ఉండగా బజర్ మోగాలో నిర్ణయించేది వేగమే.

వేగం కొలత పొలంలోనూ పనికొస్తుంది. బూమ్ స్ప్రేయర్‌తో మందు కొట్టేటప్పుడు ఒక్కో నాజిల్ నిమిషానికి 0.8 లీటరు వదులుతూ, నాజిళ్ల మధ్య 50 సెం.మీ. ఎడం ఉంటే, గంటకు 4 కి.మీ. వేగంలో ఎకరానికి 97 లీటర్ల ద్రావణం పడుతుంది. అదే 5 కి.మీ. వేగంలో 78 లీటర్లే. ఆ ఒక్క కిలోమీటరు తేడాతో మందు అయిదో వంతు తగ్గిపోతుంది. పాత ట్రాక్టర్లలో గంటల మీటరు పనిచేస్తున్నా, వేగం ముల్లు ఇంత తక్కువ వేగంలో నమ్మదగ్గది కాదు.

కావలసినవి

ధరలు సుమారుగా ఇస్తున్నాం. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో దాదాపు అన్నీ దొరుకుతాయి, మిగతా ఊళ్లవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు.

- ఆర్డుయినో నానో బోర్డు (ప్రోగ్రాం ఎక్కించుకునే చిన్న కంప్యూటర్ బోర్డు) 1: రూ. 250
- ఎ3144 హాల్ సెన్సర్లు 5 (వాడేది ఒకటే, కారణం కింద ఉంది): రూ. 100
- 8 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం నియోడిమియం అయస్కాంతాలు 6 (వాడేవి 4): రూ. 90
- జేఎస్ఎన్-ఎస్ఆర్04టి వాటర్‌ప్రూఫ్ అల్ట్రాసోనిక్ సెన్సర్లు, బోర్డులతో సహా 2: రూ. 800
- ఎల్ఎం2596 బక్ కన్వర్టర్ (బ్యాటరీ వోల్టేజీని 5 వోల్టులకు తగ్గించేది) 1: రూ. 60
- 16×2 ఎల్‌సీడీ, ఐ2సీ బోర్డు అతికించినది 1: రూ. 200
- 12 వోల్టుల పీజో బజర్ 1, బీసీ337 ట్రాన్సిస్టర్ 1: రూ. 50
- 1 ఆంపియర్ ఫ్యూజు హోల్డరుతో, పీ6కేఈ24ఎ టీవీఎస్ డయోడ్, 1ఎన్5408 డయోడ్, 470 మైక్రోఫారడ్ 50 వోల్టుల కెపాసిటర్, చిన్న రెసిస్టర్లు, కెపాసిటర్లు: రూ. 100
- నీళ్లు చొరని ప్లాస్టిక్ పెట్టెలు 2: రూ. 300
- హాల్ సెన్సర్‌కు మూడు తీగల షీల్డు కేబుల్ 3 మీటర్లు, ట్రాలీకి ఆరు తీగల కేబుల్ 7 మీటర్లు, ట్రాలీ ఊడదీసేటప్పుడు విప్పడానికి ఒక జత కనెక్టర్లు: రూ. 450

ఓఎల్ఈడీ తెర ముచ్చటగా ఉంటుంది కానీ మధ్యాహ్నపు ఎండలో చూస్తే నల్లగా కనిపిస్తుంది. పసుపుపచ్చ రంగు మామూలు ఎల్‌సీడీయే ఎండలో చదవడానికి వీలు. అలాగే బొమ్మ కార్లలో వాడే హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సర్ రూ. 80కే వస్తుంది. దాని రెండు 'కళ్ల' మీద ఉండేది జాలీ మాత్రమే కాబట్టి ఒక్క వాన పడితే పోతుంది. దాన్ని బల్ల మీద నేర్చుకోవడానికి వాడండి, ట్రాలీకి వద్దు.

మొదట కరెంటు

ఇలాంటి పనులు చెడిపోయేది సెన్సర్ దగ్గర కాదు, ఎక్కువసార్లు కరెంటు దగ్గరే. '12 వోల్టుల' బ్యాటరీ సెల్ఫ్ కొట్టేటప్పుడు 8 వోల్టులకు పడిపోతుంది, ఇంజన్ నడుస్తుంటే 14.4 వోల్టుల దాకా ఎక్కుతుంది. బ్యాటరీ టెర్మినల్ వదులై ఊడితే ఆల్టర్నేటర్ నుంచి ఒక్క క్షణం పదుల వోల్టుల పోటు వస్తుంది. నానో బోర్డు 'విన్' పిన్‌కు నేరుగా 14 వోల్టులు ఇస్తే దానిమీదున్న చిన్న రెగ్యులేటర్ 9 వోల్టుల తేడానంతా వేడిగా మార్చాలి. ఎండాకాలం బానెట్ పక్కన అది ఎక్కువ రోజులు బతకదు.

1. కీ తిప్పితేనే కరెంటు వచ్చే తీగ నుంచి తీసుకోండి. బ్యాటరీకి నేరుగా తగిలిస్తే కొన్ని రోజులు వాడని ట్రాక్టర్ బరువుగా స్టార్టవుతుంది.
2. తీసుకున్న చోటుకు వీలైనంత దగ్గరగా 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టండి. ఫ్యూజు కాపాడేది తీగను. అది పెట్టె లోపల ఉంటే పెట్టె దాకా వచ్చే తీగకు రక్షణ ఉండదు.
3. ఫ్యూజు తర్వాత టీవీఎస్ డయోడ్‌ను ప్లస్‌కు, గ్రౌండ్‌కు మధ్య కలపండి. దాని గీత ఉన్న వైపు ప్లస్‌కు. పోటు వస్తే ఇది 33 వోల్టుల దగ్గర పట్టి ఆపుతుంది. ఎల్ఎం2596 తట్టుకునేది 40 వోల్టులు, కాబట్టి సరిపోతుంది.
4. ఆ తర్వాత 1ఎన్5408 డయోడ్‌ను వరుసలో వేసి, దాని వెనక 470 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఆ వెనక ఎల్ఎం2596 కలపండి.
5. ఇంకేమీ తగిలించకుండా ఎల్ఎం2596 మీదున్న ఇత్తడి స్క్రూ తిప్పుతూ మల్టీమీటర్‌లో సరిగ్గా 5.0 వోల్టులు వచ్చేలా పెట్టండి. కొత్త మాడ్యూల్ చాలాసార్లు 10 వోల్టుల పైనే ఉంటుంది, స్క్రూ పది పదిహేను చుట్లు తిప్పినా కదిలినట్టు అనిపించదు. అటూఇటూ కదలకుండా ఆ స్క్రూ మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేయండి.
6. ఈ 5 వోల్టులను నానో '5వి' పిన్‌కు ఇవ్వండి. 'విన్'కు కాదు.

ముందు చక్రం దగ్గర హాల్ సెన్సర్

ముందు చక్రమే ఎందుకంటే, టూవీల్ డ్రైవ్ ట్రాక్టర్‌లో దాన్ని ఇంజన్ తిప్పదు, నేల తిప్పుతుంది. వెనక చక్రం దుక్కిలో జారుతుంది, అది తిరిగినంత మేర బండి కదలదు. పైగా బ్రేకులు వెనక యాక్సిల్‌లోనే ఉంటాయి కాబట్టి ముందు హబ్బు వేడెక్కదు. మామూలు నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఫోర్‌వీల్ డ్రైవ్ అయితే ముందు చక్రం కూడా కొంత జారుతుంది. రోడ్డు మీద, మందు కొట్టేటప్పుడు డ్రైవ్ తీసేసి నడిపితే లెక్క సరిపోతుంది.

ముందు బల్ల మీద పని. ఎ3144 తయారీని అసలు కంపెనీ ఎప్పుడో ఆపేసింది. బజారులో దొరికేవి దాని నకళ్లు, ఒకదానికి ఉన్న సున్నితత్వం ఇంకోదానికి ఉండదు. అందుకే అయిదు కొనమన్నాం. అక్షరాలున్న ముఖం మీ వైపు ఉంటే ఎడమ కాలు 5 వోల్టులు, మధ్యది గ్రౌండ్, కుడిది సిగ్నల్. సిగ్నల్‌కు, 5 వోల్టులకు మధ్య 4.7కె రెసిస్టర్ వేయండి. అది లేకపోతే ఈ సెన్సర్ ఏమీ చెప్పదు. లోపలి ట్రాన్సిస్టర్ సిగ్నల్‌ను కిందికి లాగడమే చేస్తుంది, పైకి ఎత్తలేదు. మల్టీమీటర్ పెట్టి అయస్కాంతాన్ని అక్షరాల ముఖానికి దగ్గరగా తెండి. ఒక ధ్రువానికే వోల్టేజీ సున్నాకు పడుతుంది, తిప్పి పెడితే కదలదు. పడిన వైపు మార్కర్‌తో చుక్క పెట్టండి, ఆ వైపే సెన్సర్‌ను చూడాలి. ఎంత దూరంలో పడుతోందో స్కేలుతో చూసి, అయిదింటిలో ఎక్కువ దూరం నుంచి స్పందించేదాన్ని ఎంచుకోండి. ఆ దూరంలో సగం మీ సందు. 10 మి.మీ. దగ్గర పడితే 5 మి.మీ. సందు పెట్టండి.

ఎంచుకున్న సెన్సర్ కాళ్లకు తీగలు అతికించి, 5 వోల్టులకు, గ్రౌండ్‌కు మధ్య అక్కడే 100 నానోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెట్టి, మొత్తాన్ని చిన్న అల్యూమినియం లేదా పీవీసీ గొట్టంలో దూర్చి అరల్డైట్‌తో నింపండి. ఇనుప గొట్టం వాడొద్దు, అది అయస్కాంత బలాన్ని తనలోకి లాక్కుంటుంది.

ఇక చక్రం దగ్గరికి. వెనక చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టి, ముందు యాక్సిల్‌ను జాకీతో ఎత్తి, కింద స్టాండు పెట్టాకే చెయ్యి పెట్టండి. ఒక్క జాకీని నమ్మి బండి కింద పని చేయొద్దు.

1. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. బేరింగ్ ఆడుతుంటే ముందు అది సరిచేయించండి. ఆట 3 మి.మీ. ఉండి సందు 5 మి.మీ. ఉంటే అయస్కాంతం ఏదో ఒకరోజు సెన్సర్‌ను కొట్టేస్తుంది.
2. చక్రం డిస్కు లోపలి వైపు ఒక వలయాన్ని వైరు బ్రష్‌తో, ఆ తర్వాత పెట్రోలు గుడ్డతో శుభ్రం చేయండి. రంగు మీద అతికిస్తే రంగుతో సహా ఊడి వస్తుంది.
3. ఆ వలయం చుట్టూ దారం చుట్టి, ఆ పొడవును నాలుగు మడతలు పెట్టి, నాలుగు చోట్ల గుర్తు పెట్టండి. చుక్క పైకి ఉండేలా అయస్కాంతాలను అరల్డైట్‌తో అతికించి, అంచుల చుట్టూ ఎం-సీల్ కట్టలా వేయండి. ఒక రాత్రి ఆరనివ్వండి.
4. సెన్సర్ బ్రాకెట్‌ను స్టబ్ యాక్సిల్‌కు బిగించండి, ముందు యాక్సిల్ దూలానికి కాదు. స్టీరింగ్ తిప్పితే చక్రంతో పాటు తిరిగేది, చక్రంలా గిరగిర తిరగనిది స్టబ్ యాక్సిల్ ఒక్కటే. దూలానికి బిగిస్తే నేరుగా పోతున్నప్పుడు మీటరు బాగానే చూపి, మలుపులో సున్నా చూపుతుంది.
5. తీగను స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పినా లాగకుండా వదులుగా వదిలి, టైరుకు తగలకుండా కట్టండి.

షీల్డు తీగను నానో వైపు ఒక్క చివరే గ్రౌండ్‌కు కలపండి. సిగ్నల్ తీగ నానో డి2 పిన్‌కు, 4.7కె రెసిస్టర్ కూడా ఆ చివరే, దాని పక్కన గ్రౌండ్‌కు 10 నానోఫారడ్ కెపాసిటర్.

నాలుగు అయస్కాంతాలు ఎందుకంటే: 6.00-16 ముందు టైరు ఒక చుట్టుకు సుమారు 2.24 మీటర్లు పోతుంది. ఒక్క అయస్కాంతమే ఉంటే గంటకు 2 కి.మీ. వేగంలో నాలుగు సెకన్లకు ఒక పల్స్ (అయస్కాంతం సెన్సర్ ముందు నుంచి పోయినప్పుడల్లా వచ్చే సిగ్నల్) వస్తుంది, నాలుగు ఉంటే సెకనుకు ఒకటి.

పల్సులను లెక్కపెట్టకండి, మధ్య కాలాన్ని కొలవండి

తొలిసారి ప్రోగ్రాం రాసేవాళ్లు సెకనుకు ఎన్ని పల్సులు వచ్చాయో లెక్కపెడతారు. గంటకు 4 కి.మీ. దగ్గర సెకనుకు రెండు పల్సులే వస్తాయి. అది ఒక్కోసారి ఒకటిగానో మూడుగానో పడితే తెర మీద అంకె 2కూ 6కూ మధ్య గెంతుతుంది. కాబట్టి ఒక పల్స్‌కూ తర్వాతి పల్స్‌కూ మధ్య ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో కొలవాలి. పల్స్‌కు 0.56 మీటరు అయితే లెక్క ఇది: గంటకు కి.మీ. = 2016 ÷ మిల్లీసెకన్లు. 504 మిల్లీసెకన్లు వస్తే 4 కి.మీ., 100 వస్తే 20 కి.మీ.

డి2 పిన్‌కు ఇంటరప్ట్ (సిగ్నల్ రాగానే నానో చేస్తున్న పని ఆపి స్పందించే ఏర్పాటు) పెట్టి, సిగ్నల్ కిందికి పడినప్పుడల్లా సమయం రాసుకోండి. ప్రోగ్రాంలో మూడు జాగ్రత్తలు:

- 20 మిల్లీసెకన్లలోపు వచ్చిన రెండో పల్స్‌ను వదిలేయండి. నిజంగా అంత త్వరగా రావాలంటే బండి గంటకు 100 కి.మీ. పోవాలి.
- 3 సెకన్ల పాటు పల్స్ రాకపోతే సున్నా చూపండి. లేకపోతే బండి ఆగినా తెర మీద చివరి వేగం అలాగే నిలిచిపోతుంది.
- ఇంటరప్ట్‌లో మారే విలువను వోలటైల్‌గా ప్రకటించి, ప్రధాన లూపులో దాన్ని కాపీ చేసుకునే క్షణం ఇంటరప్ట్‌లు ఆపండి. నానో ఒకసారికి ఒక బైటే చదువుతుంది. నాలుగు బైట్ల సంఖ్య మధ్యలో మారిపోతే అప్పుడప్పుడు వింత అంకెలు వస్తాయి, కారణం ఎంత వెతికినా దొరకదు.

తెర మీద చూపడానికి చివరి నాలుగు పల్సుల మొత్తం కాలం, అంటే సరిగ్గా ఒక చుట్టు కాలం వాడండి. అయస్కాంతాలు కాస్త ఎడంగా అతికినా చుట్టు మొత్తానికి ఆ తేడా కొట్టుకుపోతుంది. వెనక హెచ్చరికకు మాత్రం చివరి ఒక్క పల్స్ కాలమే వాడండి, ఎందుకంటే గంటకు 3 కి.మీ. వేగంలో చుట్టు పూర్తవడానికి 2.7 సెకన్లు పడుతుంది. వెనక్కి పోయేటప్పుడు అంత ఆలస్యం కుదరదు.

టైరు చుట్టుకొలత టేపుతో కొలిచి సరిపెట్టుకోకండి. బరువు పడ్డాక టైరు అణుగుతుంది. చదునైన రోడ్డు మీద 100 మీటర్లు టేపుతో కొలిచి గుర్తు పెట్టి, మామూలు గాలితో, డ్రైవరు కూర్చుని, ట్యాంకులో మామూలుగా ఉండే బరువుతో ఆ దూరం నడిపి, ఎన్ని పల్సులు వచ్చాయో తెర మీద చూడండి. 179 వస్తే పల్స్‌కు 0.559 మీటరు. రెండుసార్లు చేయండి, రెంటికీ మధ్య ఒక పల్స్ కంటే ఎక్కువ తేడా వస్తే ఏదో అయస్కాంతాన్ని సెన్సర్ వదిలేస్తోందని అర్థం. సరిచూడటానికి ఇంకో 50 మీటర్లు, తెర మీద 4.0 నిలకడగా ఉంచి నడిపితే 45 సెకన్లు పట్టాలి. దమ్ము చేసే మడిలో ఈ మీటరును నమ్మకండి. బురదలో ముందు చక్రం తిరగకుండా ఈడ్చుకుపోతుంది.

జీపీఎస్ మాడ్యూల్ పెడితే ఈ అతికింపులేవీ అక్కర్లేదు కదా అనిపిస్తుంది. రోడ్డు వేగాలకు అది చక్కగా ఉంటుంది. ఎన్ఈఓ-6ఎం లాంటి చవక మాడ్యూల్ వేగంలో తప్పు సెకనుకు 0.1 మీటరు దాకా ఉంటుంది. 40 కి.మీ. దగ్గర దాన్ని పట్టించుకోనక్కర్లేదు కానీ మందు కొట్టే 4 కి.మీ. దగ్గర అదే తొమ్మిది శాతం. చెట్ల కింద ఇంకా పెరుగుతుంది.

ట్రాలీ వెనక

జేఎస్ఎన్-ఎస్ఆర్04టి 40 కిలోహెర్ట్జ్ శబ్దం వదిలి, అది తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని పల్స్‌గా ఇస్తుంది. 25 సెం.మీ. కంటే దగ్గర ఉన్నవి దానికి తెలియవు. బిళ్ల (తీగ చివర శబ్దం వదిలే గుండ్రటి ముఖం) తన సొంత మోత ఆగకముందే ప్రతిధ్వని వచ్చేస్తుంది, అప్పుడు చాలాసార్లు దూరం ఎక్కువ చూపిస్తుంది.

బిళ్లకు వచ్చే 2.5 మీటర్ల తీగను పొడిగించొద్దు. అందులో పోయేది చాలా బలహీనమైన సిగ్నల్. బోర్డులు రెంటినీ ఒక పెట్టెలో పెట్టి ట్రాలీ వెనక భాగానికే బిగించి, బోర్డుకూ నానోకూ మధ్య ఉండే తీగలను పొడిగించండి: 5 వోల్టులు, గ్రౌండ్, ఒక్కో బోర్డుకు ట్రిగ్ (శబ్దం వదలమని చెప్పే పిన్), ఎకో (అది తిరిగి రావడానికి పట్టిన కాలం చెప్పే పిన్). మొత్తం ఆరు. గ్రౌండ్‌కు ట్రాలీ ఇనుమును వాడుకోవాలనిపిస్తుంది, తీగ మిగులుతుందని. వాడకండి. ట్రాలీకీ ట్రాక్టర్‌కూ మధ్య కరెంటు దారి హుక్కు పిన్ను ఒక్కటే, అది గ్రీజు, తుప్పు, మట్టి మధ్య ఆడుతూ ఉంటుంది.

బిళ్లలు ఎక్కడ పెట్టాలన్నది తొందరపడకుండా చూడాలి. ట్రాలీ వెనక తలుపు కిందికి తెరుచుకుంటే దాని దారిలో ఉండకూడదు. నేల నుంచి 60 నుంచి 80 సెం.మీ. ఎత్తులో, ఛాసిస్ అడ్డ కమ్మీకి రెండు చివర్లా, అంచు నుంచి కాస్త లోపలికి నొక్కి పెడితే గోడకు ఆనినా బిళ్ల నలగదు. బిళ్ల కొలత చూసుకుని హోల్‌సాతో రంధ్రం చేసి, మధ్యలో పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి దూర్చండి. ఇనుముకు నేరుగా తగిలితే మోత ఇనుములో సాగుతూ ఉండి, ఏమీ లేకపోయినా 30 సెం.మీ. అని చూపిస్తుంది. బిళ్ల ముఖం 3 నుంచి 5 డిగ్రీలు పైకి వాల్చండి. నిటారుగా పెడితే గట్లూ రాళ్లూ తగిలి ఊరికే మోగుతుంది. అంతకంటే పైకి ఎత్తితే కూర్చున్న పిల్లవాడి మీదుగా శబ్దం వెళ్లిపోతుంది.

ప్రోగ్రాంలో రెండు బిళ్లలనూ ఒకేసారి మోగించకండి. ఒకదాని ప్రతిధ్వనిని ఇంకొకటి తనదనుకుంటుంది. 60 మిల్లీసెకన్ల ఎడంతో మార్చి మార్చి మోగించండి. ట్రిగ్‌ను 20 మైక్రోసెకన్లు పైన ఉంచండి, 10 చాలని రాసి ఉన్నా కొన్ని బోర్డులు దాన్ని వదిలేస్తాయి. ఒక్కో బిళ్లకు చివరి మూడు కొలతల్లో మధ్యది తీసుకోండి, సగటు వద్దు. ఒక్క తప్పుడు కొలత సగటును లాగేస్తుంది, మధ్య విలువను కదపలేదు.

శబ్దవేగం 15 డిగ్రీల చలిలో సెకనుకు 340 మీటర్లు, 45 డిగ్రీల ఎండలో 358. దీనికోసం ఉష్ణోగ్రత సెన్సర్ కొనక్కర్లేదు. లెక్కలో ఎప్పుడూ 340 వాడండి, అంటే దూరం సెం.మీ.లో = మైక్రోసెకన్లు × 0.017. ఎండలో అసలు దూరం కంటే అయిదు శాతం తక్కువ చూపుతుంది. తప్పు ఆ దిక్కున ఉండటమే మనకు కావలసింది.

బజర్ ఎప్పుడు మోగాలి

మూడు కొలతలు పూర్తవడానికి దాదాపు 0.4 సెకను, డ్రైవరు విని క్లచ్చూ బ్రేకూ తొక్కడానికి 1.5 సెకను. కలిపి రెండు సెకన్లు అనుకోండి. ఆ రెండు సెకన్లలో బండి పోయే దూరానికి 0.7 మీటరు కలపండి. అందులో 25 సెం.మీ. సెన్సర్‌కు కనపడని దూరం, మిగతాది బ్రేకు పట్టాక జరిగేది. లోడు ట్రాలీకి 0.7 బదులు 1 మీటరు వేయండి.

గంటకు 2 కి.మీ. వేగంలో 1.8 మీటర్ల దగ్గర, 3 కి.మీ.లో 2.4 దగ్గర, 4 కి.మీ.లో 2.9 దగ్గర బజర్ ఆగకుండా మోగాలి. 5 కి.మీ.లో అయితే 3.5 మీటర్లు కావాలి. ఈ చవక సెన్సర్‌కు మనిషి అంత దూరంలో నమ్మకంగా దొరకడు. కాబట్టి వెనక్కి పోతూ 4 కి.మీ. దాటితే, అడ్డం ఉన్నా లేకపోయినా, 'నెమ్మది' అని బజర్ వేరే రకంగా మోగాలి. ఇలాంటి ఏర్పాటు కోసమే రెండు రకాల సెన్సర్లనూ ఒకే పెట్టెకు కలపమన్నది. బండి కదిలిన మొదటి క్షణంలో పల్సులు ఇంకా రావు కాబట్టి, రివర్స్ స్విచ్ పడగానే వేగం కనీసం 2 కి.మీ. ఉన్నట్టు లెక్కలోకి తీసుకోండి.

పాత ట్రాక్టర్లకు రివర్స్ లైటు స్విచ్ ఉండదు. గేర్ రాడ్ రివర్స్‌లోకి వచ్చినప్పుడు నొక్కుకునేలా ఒక మైక్రోస్విచ్ బిగించండి. ఎప్పుడూ పనిచేసేలా వదిలేస్తే, నిలబెట్టిన ట్రాలీ వెనక కూలీలు బస్తాలు ఎక్కిస్తున్నంతసేపూ మోగుతూనే ఉంటుంది. రెండో రోజుకు డ్రైవరు తీగ పీకేస్తాడు, అందులో ఆయన తప్పేమీ లేదు.

5 వోల్టుల చిన్న బజర్ డీజిల్ ఇంజన్ పక్కన వినపడదు. 12 వోల్టులది తీసుకుని, నానో నుంచి 1కె రెసిస్టర్ ద్వారా బీసీ337 బేస్‌కు ఇచ్చి దాంతో నడపండి.

ఇంకొకటి మరిచిపోవద్దు: నిశ్శబ్దం అంటే 'దారి ఖాళీ' అని డ్రైవరు అనుకోకూడదు. తీగ తెగినా నిశ్శబ్దమే కదా. రివర్స్ పడగానే ఒక చిన్న బీప్, ఆ తర్వాత ఏమీ లేకపోయినా రెండు సెకన్లకొక 'టిక్' వచ్చేలా పెట్టండి. టిక్ వినపడకపోతే సెన్సర్ పనిచేయడం లేదని అర్థం. తెగిన తీగను పట్టుకోవడానికి ఎకో పిన్‌కు గ్రౌండ్‌తో 10కె రెసిస్టర్ వేసి, ట్రిగ్ ఇచ్చిన 5 మిల్లీసెకన్లలో ఎకో పైకి లేచిందా అని ముందు చూడండి. లేవకపోతే బోర్డో తీగో పోయినట్టు, టిక్ ఆపేసి తెర మీద 'సెన్సర్ లేదు' అని చూపండి. లేచి 25 మిల్లీసెకన్లు దాటినా దిగకపోతే నాలుగు మీటర్లలో ఏదీ తగల్లేదన్నమాట. దిగేదాకా ఆగి తర్వాతి ట్రిగ్ ఇవ్వండి. పల్స్‌ఇన్ ఫంక్షన్ ఈ రెండు సందర్భాల్లోనూ సున్నాయే ఇస్తుంది కాబట్టి దాన్ని వాడకుండా ఇలా చేత్తో రాసుకోవాలి.

దీనికి కనిపించనివి

బిగించాక ట్రాలీని కదపకుండా, 75 మి.మీ. పీవీసీ గొట్టాన్ని మీటరు ఎత్తున నిలబెట్టి, ట్రాలీ వెనక అర మీటరుకొక చోట జరుపుతూ ఎక్కడెక్కడ దొరుకుతోందో నేల మీద ముగ్గుతో గుర్తు పెట్టండి. గుర్తులు పడని చోట్లను డ్రైవరు కళ్లతో చూడాలి. ఆ తర్వాత ఒక మనిషిని మామూలు బట్టలతో నిలబెట్టి, కూర్చోబెట్టి మళ్లీ చూడండి. దూరం కచ్చితంగా తగ్గుతుంది. చీర, దుప్పటి, వరిగడ్డి, పశువుల వెంట్రుకలు శబ్దాన్ని పీల్చేస్తాయి. ముళ్ల తీగ, సన్నని ఇనుప ఊచ దొరకవు. ఏటవాలుగా నిలబెట్టిన రేకు శబ్దాన్ని పక్కకు విసిరేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం: బావి అంచు, కాలువ గట్టు చివర దీనికి తెలియవు. ఉన్నదాన్ని ఇది చూస్తుంది, లేని నేలను చూడలేదు. బావి దగ్గర, చెరువు కట్ట మీద వెనక్కి పోవాలంటే పక్కన మనిషి నిలబడి చెప్పాల్సిందే.

లేజర్ సెన్సర్లు మెరుగా అని అడుగుతుంటారు. వీఎల్53ఎల్0ఎక్స్ చీకట్లో రెండు మీటర్ల దాకా బాగా కొలుస్తుంది కానీ ఎండలో ఆ దూరం బాగా పడిపోతుంది. హెచ్‌బీ100 రాడార్ 10.525 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, కదిలేదాని వేగం చెబుతుంది, దూరం చెప్పదు. దాని సిగ్నల్‌ను వందల రెట్లు పెంచే యాంప్లిఫయర్ కూడా కావాలి.

పాడైతే ఎక్కడ చూడాలి

ఎల్‌సీడీ మీద వెలుగు ఉండి అక్షరాలు లేకపోతే ముందు వెనకున్న నీలం స్క్రూ తిప్పండి. అప్పటికీ రాకపోతే ప్రోగ్రాంలో ఐ2సీ అడ్రస్ 27కు బదులు 3ఎఫ్ పెట్టి చూడండి.

సెల్ఫ్ కొట్టినప్పుడో హారన్ కొట్టినప్పుడో తెర స్తంభించిపోతుంటే, 5 వోల్టుల లైనులో నానో దగ్గరే ఇంకో 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేసి, ప్రోగ్రాంలో 2 సెకన్ల వాచ్‌డాగ్ (ప్రోగ్రాం స్తంభిస్తే బోర్డును తనంతట తానే రీసెట్ చేసేది) పెట్టండి. వాచ్‌డాగ్ పెట్టాక బోర్డు మళ్లీ మళ్లీ రీసెట్ అవుతూ ఉండిపోతే అందులో పాత బూట్‌లోడర్ (బోర్డు మొదలవగానే నడిచే చిన్న ప్రోగ్రాం) ఉందన్నమాట. కొత్త ఆప్టిబూట్ ఎక్కిస్తే పోతుంది.

వేగం సగమో ముప్పావో చూపిస్తుంటే అయస్కాంతం ఊడిందో చూడండి. అన్నీ ఉంటే వాటికి పట్టిన ఇనుప రజను తుడవండి. వెల్డింగ్ షాపు దగ్గర నిలబెట్టిన బండికి ఇది గ్యారంటీగా పడుతుంది. బండి ఆగి ఉన్నా వేగం చూపితే షీల్డు తీగ తెగి ఉంటుంది, లేదా సిగ్నల్ తీగ ఆల్టర్నేటర్ తీగతో కలిపి కట్టి ఉంటుంది.

వెనక దూరం ఎప్పుడూ 20, 25 సెం.మీ. దగ్గరే నిలిచిపోతే పదికి తొమ్మిదిసార్లు బిళ్ల మీద ఎండిన మట్టే. తడి గుడ్డతో తుడవండి. సర్వీసింగ్ షెడ్డులో ప్రెజర్ నీళ్లు కొట్టేటప్పుడు బిళ్లల మీద నేరుగా కొట్టొద్దని చెప్పండి, 'వాటర్‌ప్రూఫ్' అన్నది వానకే. ట్రాలీ ఊడదీసినప్పుడు కనెక్టర్ నేల మీద పడి ఉండకుండా హుక్కు పైన ఒక కొక్కెం పెట్టి, మూత వేసి తగిలించండి. లోపల పిన్నులకు కొద్దిగా వ్యాజలిన్ రాస్తే ఒక వానాకాలం గడిచిపోతుంది.